గోటీ సెట్టు ఎంపిక: మన్నికను ఎక్కడ వెతకాలి?

సొంత బండికి సొంతంగా పని చేసుకోవాలనుకునేవాళ్లు మొదట కొనే పనిముట్టు సాకెట్ సెట్టు. షెడ్డులో దీన్నే గోటీల సెట్టు అంటారు. కొనబోతే 46 ముక్కల చిన్న పెట్టె నుంచి 200 ముక్కలు దాటిన పెద్ద పెట్టె దాకా దొరుకుతాయి. ధర కొన్ని వందల దగ్గర మొదలై వేలు, పదివేలు దాటిపోతుంది. దాదాపు అన్ని పెట్టెల మీదా ఉండేవి మూడే మాటలు: ఇన్ని ముక్కలు, క్రోమ్ వెనేడియం ఉక్కు, జీవితకాలపు హామీ. కొనేవాళ్లు అడిగేది మాత్రం ఒక్కటే: ఇది ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ మూడు మాటల్లో ఏదీ ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పదు. నా వాదన ఏమిటంటే, గోటీ మన్నికను గోటీని చూసి తేల్చలేం, అది పట్టుకునే బోల్టు తలను చూసి తేల్చాలి. ఏళ్ల తరబడి పగలకుండా ఉన్నా, ఈలోగా బోల్టుల మూలలు అరగదీసి తలలు గుండ్రం చేసిన గోటీ మన్నికైనది అనిపించుకోదు. అది దాచుకున్న ఆయుష్షుకు మూల్యం బండి ఇంజను చెల్లించుకుంది. ఈ కొలబద్ద దగ్గర పెట్టుకుంటే ఉక్కు, నోటి ఆకారం, చదరం, ర్యాచెట్, సైజులు, హామీ అన్నిటినీ ఒక్కొక్కటిగా తూచవచ్చు. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో కూడా తేలుతుంది.

గోటీ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. హ్యాండిల్ చివర చెయ్యి వేసిన బలాన్ని మెలితిప్పే బలంగా మార్చి బోల్టుకు అందించాలి. ఆ దారిలో బలం నాలుగు చోట్ల చేతులు మారుతుంది: ర్యాచెట్ లోపలి పళ్లు, దాని చివరి చదరం, మధ్యలో వేసే ఎక్స్‌టెన్షన్ రాడ్డు, చివరగా గోటీ నోరు. ఈ నాలుగింటిలో బలహీనమైనదే మొత్తం సెట్టు బలం. ర్యాచెట్ హ్యాండిల్‌కు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన జె.జె. రిచర్డ్‌సన్ 1863లోనే పేటెంట్ తీసుకున్నాడు. హ్యాండిల్ వేరు, గోటీ వేరుగా ఉంచి ఏ హ్యాండిల్‌కైనా ఏ గోటీనైనా తగిలించే పద్ధతిని పెద్ద వ్యాపారంగా నిలబెట్టింది మాత్రం 1920లో మొదలైన స్నాప్-ఆన్ సంస్థ. ఐదు హ్యాండిళ్లు, పది గోటీలు కలిస్తే యాభై స్పానర్ల పని చేస్తాయన్నది వాళ్ల తొలినాటి ప్రచారం. ఈ చరిత్రలో కొనేవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. గోటీ సెట్టు పుట్టిందే విడదీసి, మార్చుకుని, మళ్లీ కలుపుకునే ఏర్పాటుగా. ఒక ముక్క పోతే మొత్తం పెట్టె మూలన పడే సెట్టు ఆ మూల ఉద్దేశానికే దూరమైపోయింది.

ముందుగా ఉక్కు సంగతి. క్రోమ్ వెనేడియం అన్న ముద్ర ఇప్పుడు వందల రూపాయల గోటీ మీదా ఉంటుంది, వేల రూపాయల గోటీ మీదా ఉంటుంది. ఆ ఉక్కు మంచిదే. ఫోర్డ్ మోడల్ టీ కారు 1908లో వెనేడియం ఉక్కుతో వచ్చినప్పటి నుంచీ వాహన పరిశ్రమకు దాని విలువ తెలుసు. ఇందులో క్రోమియం సుమారు ఒక శాతం ఉంటుంది, వెనేడియం అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఆ కాస్త వెనేడియమే ఉక్కు లోపలి రేణువులను సన్నగా ఉంచి, గట్టిదనంతోపాటు దెబ్బకు తట్టుకునే గుణాన్నీ ఇస్తుంది. అయితే ఆ గుణం ఉక్కులో నిద్రాణంగా ఉంటుంది, దాన్ని బయటికి తెచ్చేది హీట్ ట్రీట్‌మెంట్. బియ్యం ఒకటే అయినా అన్నం పలుకుగా దిగడమా, ముద్దయిపోవడమా అన్నది మంట, సమయం తేల్చినట్టే, ఒకే ఉక్కుతో చేసిన రెండు గోటీల్లో ఒకటి పెళుసుగా పగలవచ్చు, ఇంకొకటి మెత్తబడి నోరు తెరుచుకోవచ్చు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది కానీ పెళుసవుతుంది. తరువాత తక్కువ వేడిలో మళ్లీ కాచి ఆ పెళుసుదనాన్ని తగ్గించాలి. చేతితో తిప్పే గోటీలకు రాక్‌వెల్ సీ కొలతలో సుమారు 40 నుంచి 50 మధ్య గట్టిదనం సరిపోతుంది. ఈ రెండో దశలో వేడినీ సమయాన్నీ ప్రతి విడతలోనూ ఒకేలా ఉంచడానికి ఖర్చవుతుంది. చవక సరుకులో మిగుల్చుకునేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ఉక్కు పేరు చూసి కొనడంకంటే, ఆ పేరు వెనక నిలబడి పరీక్ష చేసిన తయారీదారు ఎవరో చూసి కొనడం తెలివైన పని.

గట్టిదనం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం కూడా పొరపాటే. చక్రాల నట్లు విప్పే గాలి గన్ను క్షణానికి ఎన్నో దెబ్బలు కొడుతుంది. చేతితో తిప్పే క్రోమ్ గోటీని దానికి తగిలిస్తే చీలి ముక్కలు ఎగరవచ్చు, కంటికి ప్రమాదం. ఆ పనికి ఇంపాక్ట్ గోటీలు వేరే ఉంటాయి. వాటిని ఎక్కువగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో, గోడ మందంగా పెట్టి, గట్టిదనం కాస్త తగ్గించి, దెబ్బను మింగే గుణం పెంచి చేస్తారు. పైన మెరుపు పూత లేకుండా నల్లగా ఉంటాయి. నల్ల గోటీని చేతి హ్యాండిల్‌కు తగిలించి వాడుకోవచ్చు. గోడ మందం వల్ల ఇరుకు చోట్లకు దూరదన్నదొక్కటే ఇబ్బంది. మెరిసే గోటీని గన్నుకు తగిలించడం మాత్రం ఎప్పుడూ తప్పే. గన్ను వాడే ఆలోచన ఉన్నవాళ్లు 17, 19, 21 సైజుల్లో మూడు నల్ల గోటీలు విడిగా కొనుక్కుంటే చాలు, మిగతా సెట్టు ఆయుష్షు పెరుగుతుంది.

పూత గురించి కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. గోటీ మీది మెరుపుకూ ఉక్కులోని క్రోమియానికీ సంబంధం లేదు. పైన కనిపించే క్రోమ్ పొర మైక్రానుకన్నా పలచన. అసలు తుప్పును ఆపేది దాని కింద ఉన్న నికెల్ పొర. నికెల్ పొర సరిగా పట్టకపోతే విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీరప్రాంతాల ఉప్పు గాలికి గోటీ మీద ముందు చుక్కలు పడతాయి, ఆ తరువాత పొర లేస్తుంది. లేచిన పొర అంచు బ్లేడులా ఉంటుంది, వేళ్లు కోస్తుంది. అలాంటి గోటీ బలం తగ్గకపోయినా పక్కన పెట్టేయడమే మంచిది. పూత వేసేటప్పుడు ఉక్కులోకి చేరే హైడ్రోజన్ కూడా గట్టి ఉక్కును పెళుసుగా మార్చగలదు. మంచి కార్ఖానాలు పూత తరువాత గోటీలను మళ్లీ వేడి చేసి దాన్ని వెళ్లగొడతాయి. కంటికి కనిపించని ఈ దశలు కూడా ధరలో తేడాకు ఒక కారణం. అద్దంలా మెరవడం నాణ్యతకు గుర్తు కాదు. నోటి లోపలి అంచుల్లో, చదరం మూలల్లో పూత సమానంగా ఉందా, బుడగలు, గరుకు ఉన్నాయా అన్నది చూడదగిన గుర్తు.

ఇక అసలు విషయం, పట్టు. 13 మిల్లీమీటర్ల బోల్టు తల కచ్చితంగా 13 ఉండదు. ప్రమాణం ప్రకారం 12.73 నుంచి 13.00 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. గోటీ నోరు 13 కన్నా రవ్వంత ఎక్కువ ఉండాలి, లేకపోతే ఎక్కదు. అంటే మంచి గోటీ, మంచి బోల్టు కలిసినా మధ్య కొంత ఖాళీ తప్పదు. ఆ ఖాళీ వల్ల గోటీ తిరిగినప్పుడు బోల్టు పలకలను పూర్తిగా ఒత్తదు, మూలల దగ్గరే ఒత్తుతుంది. ఖాళీ పెరిగేకొద్దీ ఒత్తిడి మూల అంచుకు జరుగుతుంది. ఆ అంచు అరిగితే తల గుండ్రమవుతుంది, తుప్పు పట్టిన బోల్టు అయితే ఇంకా త్వరగా. గోటీ నోటి కొలతలో మిల్లీమీటరులో పదో వంతు తేడా ఎందుకు ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది. కొత్త బోల్టును చేత్తో పట్టుకుని గోటీలో పెట్టి అటూ ఇటూ తిప్పితే ఆడే కోణం తెలుస్తుంది. రెండు కంపెనీల గోటీలను ఒకే బోల్టు మీద పోల్చి చూస్తే తేడా వేలికి అందుతుంది. అంగడిలో నిమిషంలో చేయగల ఈ పరీక్ష పెట్టె మీది ఏ మాటకన్నా ఎక్కువ చెబుతుంది.

ఆరు మూలల గోటీయా, పన్నెండు మూలల గోటీయా అన్న పాత తగవుకు కూడా ఇక్కడే సమాధానం ఉంది. పన్నెండు మూలలది ప్రతి 30 డిగ్రీలకూ బోల్టు మీద కూర్చుంటుంది, ఆరు మూలలది 60 డిగ్రీలకు. ఇరుకులో మొదటిది సులువు. కానీ దాని లోపలి పలకలు పొట్టివి, పట్టు మూలకు మరీ దగ్గరగా పడుతుంది, గోడ కూడా గాడుల దగ్గర పలచబడుతుంది. రింగ్ స్పానర్‌కు ఈ 30 డిగ్రీల సౌలభ్యం విలువైనదే. ర్యాచెట్ ఉన్న గోటీకి ఆ అవసరం దాదాపు లేదు, ఎందుకంటే కోణాన్ని ర్యాచెట్టే చూసుకుంటుంది. కాబట్టి బండి పనికి ఆరు మూలల గోటీలే ముఖ్యమైన సెట్టు కావాలి. దీనికి ఒక అభ్యంతరం సరైనదే. కొన్ని ఇంజన్లలో బోల్టు తలే పన్నెండు మూలలతో వస్తుంది, వాటికి ఆరు మూలల గోటీ ఎక్కనే ఎక్కదు. అలాంటి బండి ఉన్నవాళ్లు ఆ ఒకటి రెండు సైజులు విడిగా తెచ్చుకోవాలి. ఆ ఒక్క కారణానికి మొత్తం సెట్టును పన్నెండు మూలలతో కొనడం సరికాదు. ఒత్తిడిని మూల నుంచి పలక లోపలికి జరిపేలా నోటి గోడలను కాస్త వంపుగా చెక్కే పద్ధతికి 1960ల్లో స్నాప్-ఆన్ పేటెంట్ తీసుకుంది. పేటెంటు గడువు తీరాక ఆ ఆకారం చాలా కంపెనీల గోటీల్లోకి వచ్చింది. నోటి లోపల మూలలు పదునుగా కాక గుండ్రటి గాడిలా కనిపిస్తే అది ఆ రకమని గుర్తు. ఈ ఒక్క మార్పు బోల్టులను కాపాడినంతగా ఉక్కులో ఏ మార్పూ కాపాడలేదని నా అభిప్రాయం.

తరువాతది చదరం, అంటే ర్యాచెట్ కొన గోటీలోకి దూరే చోటు. పావు అంగుళం, 3/8 అంగుళం, అరంగుళం అని మూడు రకాలు బండి పనిలో కనిపిస్తాయి. లారీలకు ముప్పావు అంగుళం వాడతారు. ప్రమాణాల భాషలో ఇవి 6.3, 10, 12.5, 20 మిల్లీమీటర్లు. మెలితిప్పే బలానికి కడ్డీ తట్టుకునే శక్తి దాని మందానికి ఘనంగా పెరుగుతుంది. పావు నుంచి అరకు మందం రెట్టింపైతే బలం ఎనిమిది రెట్లవుతుంది. ప్రమాణాలు ర్యాచెట్ హ్యాండిళ్లకు పెట్టే కనీస పరీక్షలు ఈ లెక్కతో చక్కగా సరిపోతాయి: పావు అంగుళానికి సుమారు 60 న్యూటన్ మీటర్లు, 3/8కి సుమారు 200, అరకు 500 పైచిలుకు. ఇప్పుడు దీన్ని బండి పక్కన పెట్టి చూద్దాం. కారు చక్రం నట్టును సుమారు 100 న్యూటన్ మీటర్ల దగ్గర బిగిస్తారు. తుప్పు పట్టినా, ఎవరో గన్నుతో అతిగా బిగించినా విప్పడానికి అంతకు రెండు మూడు రెట్లు కావాలి. అలాంటప్పుడు పావు అంగుళం ఎంత ఖరీదైన ఉక్కుతో చేసినా ఆ పనికి రాదు. మామూలు కంపెనీ అరంగుళం సునాయాసంగా తట్టుకుంటుంది. చదరం ఎంపికలో తప్పు చేస్తే దాన్ని ఏ ఉక్కూ సరిదిద్దలేదు.

బాగా అమ్ముడయ్యే 46 ముక్కల పెట్టెను ఈ లెక్కతో చూడాలి. కారుకూ బైకుకూ పూర్తి రిపేరు కిట్టు అని అమ్మే ఈ రకం సెట్లు చాలామటుకు పావు అంగుళం చదరంవే. గోటీలు 4 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 14 దగ్గర ఆగుతాయి. చాలా మారుతీ కార్ల చక్రం నట్టు 19, హ్యుండయ్ కార్లది 21. అంటే కారు యజమానికి మొదట అవసరమయ్యే పనికి ఆ పెట్టెలో గోటీయే ఉండదు. 46లో సగానికి పైగా స్క్రూడ్రైవరు బిట్లు, చిన్న చిన్న ఎల్-కీలు. ముక్కల సంఖ్య పెరిగేది వీటితోనే. అలాగని పావు అంగుళాన్ని కొట్టిపారేయకూడదు. బైకు మీద ఉండే బోల్టుల్లో చాలా భాగం 6 మిల్లీమీటర్ల మరవి. వాటి తల 8 లేదా 10, బిగించాల్సింది సుమారు 10 న్యూటన్ మీటర్లే. అక్కడ అరంగుళం హ్యాండిల్ వేస్తే మణికట్టు కాస్త కదిలేసరికి బోల్టు తెగుతుంది, లేదా అల్యూమినియం కేసు లోపలి మర లేచిపోతుంది. కాబట్టి పెద్ద చదరమే మేలన్న వాదన కూడా సగమే నిజం. బలం బోల్టుకు తగ్గట్టు ఉండాలి. బైకులకు, కారు ఇంజను పనులకు మధ్యస్థంగా నిలిచేది 3/8. కిందా పైనా కాస్త సర్దుకోగల ఈ చదరాన్ని మన మార్కెట్ అన్నిటికన్నా తక్కువగా పట్టించుకుంటోంది.

ర్యాచెట్ విషయంలో పళ్ల సంఖ్యే ప్రచారం. 36 పళ్లయితే ఒక క్లిక్కుకు 10 డిగ్రీలు తిప్పాలి, 72 అయితే 5, 90 అయితే 4. ఇంజను గదిలో చెయ్యి కదలని చోట ఈ తేడా పని జరగడానికీ జరగకపోవడానికీ మధ్య తేడా. కానీ పళ్లు పెరిగితే ఒక్కో పన్ను చిన్నదవుతుంది. మంచి తయారీదారులు ఒకేసారి ఎక్కువ పళ్లను పట్టుకునే వెడల్పాటి నాలుకను పెట్టి దీన్ని సరిచేస్తారు. ఆ నాలుక సన్నగా ఉన్న చవక 72 పళ్ల ర్యాచెట్ కన్నా మందమైన 36 పళ్లది ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైనది వాడుక. ర్యాచెట్ తిప్పడానికి చేసింది, పట్టేసిన నట్టును కదిలించడానికి కాదు. హ్యాండిల్‌కు పైపు తొడిగి విప్పడం మన రోడ్ల మీద రోజూ కనిపించే దృశ్యం. ఆ పొడవు బలాన్ని రెట్టింపు, మూడింతలు చేసి నేరుగా ఆ చిన్న పళ్ల మీద పెడుతుంది. మొదటి కదలికకు పళ్లు లేని పొడవాటి బ్రేకర్ బారునో, సెట్టులో వచ్చే స్లైడింగ్ టీ హ్యాండిల్‌నో వాడి, నట్టు వదులయ్యాక ర్యాచెట్ అందుకోవాలి. దాదాపు అర మీటరు పొడవున్న అరంగుళం బ్రేకర్ బారు ఒక్కటి సెట్టులోకి చేరిస్తే ర్యాచెట్ బతుకు ఎన్నో ఏళ్లు పెరుగుతుంది. విరిగితే లోపలి పళ్ల కిట్టు విడిగా దొరికే ర్యాచెట్‌ను ఎంచుకోవడం ఇంకా మంచిది.

సైజుల దగ్గర మన దేశానికే ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడి రోడ్డు మీద జపాన్, యూరప్, బ్రిటన్ పద్ధతుల బండ్లు మూడూ తిరుగుతాయి. 8 మిల్లీమీటర్ల మరకు యూరప్ పద్ధతిలో తల 13, జపాన్ బండ్లలో ఎక్కువగా 12. 10 మిల్లీమీటర్ల మరకు పాత జర్మన్ పద్ధతిలో 17, ఇప్పటి అంతర్జాతీయ పద్ధతిలో 16, జపాన్‌లో 14. 12 మరకు ఇదే వరసలో 19, 18, 17. అందుకే హీరో, హోండా, యమహా, మారుతీ, టయోటా బండ్ల పని ఎక్కువగా 8, 10, 12, 14, 17, 19తో జరిగిపోతుంది. స్కోడా, ఫోక్స్‌వాగన్ వంటి వాటికి 13, 16, 18 తప్పవు. 12, 14 లేని సెట్టు జపాన్ పద్ధతి బండి ఉన్నవాళ్లకు ఎన్ని ముక్కలున్నా అసంపూర్ణమే. పాత అంబాసిడర్, పాత బుల్లెట్ ఉన్నవాళ్లకు అంగుళాల గోటీలు వేరే కావాలి. ముప్పావు అంగుళం, 19 మిల్లీమీటర్లు దాదాపు ఒకటే కాబట్టి అక్కడ సర్దుకోవచ్చు. అరంగుళం తల అంటే 12.7, దాని మీద 13 గోటీ వేస్తే 0.3 మిల్లీమీటర్ల ఖాళీ అదనంగా చేరుతుంది. యాభై ఏళ్ల తుప్పు బోల్టుకు ఆ ఖాళీ చాలు మూలలు పోవడానికి. బండిని చూసి సైజుల జాబితా రాసుకుని, ఆ జాబితాతో అంగడికి వెళ్లడమే సరైన వరస.

ఇప్పుడు తయారీదారుల సంగతి. నాసిక్‌లో టపారియా 1969లో స్వీడన్ సంస్థ సాంకేతిక సహకారంతో చేతి పనిముట్ల తయారీ మొదలుపెట్టింది. పంజాబ్‌లో జలంధర్, లూధియానా ఈ పరిశ్రమకు పెద్ద కేంద్రాలు, అక్కడి సరుకు విదేశాలకూ పోతుంది. తైవాన్‌లో తైచుంగ్ చుట్టూ ఉన్న కార్ఖానాలు ప్రపంచంలోని చాలా బ్రాండ్లకు గోటీలు చేసి ఇస్తాయి. జర్మనీలో స్టాల్‌విల్లే 1862 నుంచి, హాజెట్ 1868 నుంచి, గెడోరే 1919 నుంచి ఉన్నాయి. జపాన్‌లో కోకెన్ 1946లో, కేటీసీ 1950లో పుట్టాయి. ధర పెరిగేకొద్దీ నోటి కొలత నిక్కచ్చిగా ఉంటుంది, గోడ సన్నగా ఉండి కూడా బలం తగ్గదు, ర్యాచెట్ మెత్తగా తిరుగుతుంది. ఈ మెరుగు రోజుకు వంద బోల్టులు విప్పే మెకానిక్కుకు నిజంగా విలువైనది. వారానికి ఒకసారి పని చేసుకునేవాళ్లకు మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కినప్పుడు, అంటే పేరులేని సరుకు నుంచి ప్రమాణం ముద్రించిన దేశీ సరుకుకు మారినప్పుడు, కలిగే లాభమే అన్నిటికన్నా పెద్దది. ఆపైన ప్రతి మెట్టుకూ ఖర్చు పెరిగినంతగా ఆయుష్షు పెరగదు. పేరున్న కంపెనీలకు నకిలీలు ఉన్నాయి కాబట్టి, ముద్ర ఉక్కులోకి దిగి ఉందా, సైజు అంకెలు స్పష్టంగా ఉన్నాయా చూసి, బిల్లు ఇచ్చే డీలరు దగ్గర కొనాలి.

జీవితకాలపు హామీ గురించి విడిగా ఆలోచించాలి. ఈ హామీకి అర్థం అమెరికాలో పుట్టింది. స్నాప్-ఆన్ డీలరు వ్యాను వారం వారం షెడ్డు ముందుకే వస్తుంది, విరిగిన గోటీ అక్కడికక్కడే మార్చి ఇస్తాడు. ఆ బ్రాండు ధరలో ఉక్కుతోపాటు ఆ వ్యాను కూడా ఉంది. సియర్స్ దుకాణాలు తమ క్రాఫ్ట్స్‌మన్ పనిముట్లు విరిగితే ప్రశ్నలు అడగకుండా కొత్తవి ఇచ్చేవి. 2017లో ఆ బ్రాండు స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు వెళ్లింది, 2018లో సియర్స్ దివాలా పిటిషన్ వేసింది, వరసగా దుకాణాలు మూతపడ్డాయి. హామీ రాత మిగిలినా, ఊళ్లో మార్చి ఇచ్చే ఆ కౌంటరు మిగల్లేదు. హామీ విలువ దాన్ని నెరవేర్చే మనిషి ఎంత దగ్గరలో ఉన్నాడన్న దాని మీదే ఉంటుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పేరులేని పెట్టె మీద జీవితకాలం అని అచ్చు వేయడానికి ఖర్చేమీ కాదు. మన దగ్గర అంతకన్నా గట్టి హామీ ఒకటుంది: విడి గోటీ దొరకడం. రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, జిల్లా కేంద్రంలోని టూల్స్ షాపులోనో అదే కంపెనీ 12 గోటీ ఒక్కటే కొనగలిగితే ఆ సెట్టు చావదు. అలా దొరకనిది ఒక్క 10 గోటీ పోయిన రోజునే సగం చచ్చినట్టు.

ఈ వాదనకు షెడ్డు వైపు నుంచి బలమైన అభ్యంతరం వస్తుంది. ర్యాచెట్, ఆరు మూలలు, ప్రమాణాలు ఏవీ లేకుండానే మన బైకు మెకానిక్కులు నాలుగు టీ పానాలతో దశాబ్దాలుగా బండ్లు విప్పి బిగిస్తున్నారు, ఇంత లెక్క ఎందుకు అని. ఈ అభ్యంతరాన్ని గౌరవంగా తీసుకోవాలి, ఎందుకంటే అది నా వాదనను బలపరుస్తుంది. టీ పానాలో విడిపోయే భాగాలు లేవు, విరిగే పళ్లు లేవు, అరిగే చదరం లేదు. 8, 10, 12, 14 సైజుల్లో బైకు పనికి సరిగ్గా సరిపోయేవే ఉంటాయి. అడ్డకమ్మీ పొట్టిది కాబట్టి చిన్న బోల్టును తెంపేంత బలం సులువుగా రాదు. తక్కువ ముక్కలు, తగిన సైజు, తగిన బలం: మన్నికకు నేను చెబుతున్న సూత్రాలన్నీ అందులో ఉన్నాయి. బైకు ఒక్కటే ఉన్నవాళ్లకు మంచి టీ పానాలు నాలుగు, ప్లగ్గు పానా ఒకటి పెద్ద పెట్టెకన్నా మెరుగైన కొనుగోలు. కారు ఇంజను గది లోతుల్లో, టీ పానా తిరగడానికి చోటు లేనప్పుడు, ర్యాచెట్ అవసరం మొదలవుతుంది.

ఇంకో అభ్యంతరం కాలానికి సంబంధించినది. కరెంటు బండ్లు వస్తున్నాయి, ఇంజన్లు పోతున్నాయి, ఇప్పుడు గోటీల మీద ఖర్చు దేనికని. ఇంజను పోయినా చక్రాలు, బ్రేకులు, సస్పెన్షన్ పోవు. అక్కడి బోల్టులే పెద్దవి, తుప్పు ఎక్కువగా పట్టేవీ అవే. అరంగుళం సెట్టు ఉపయోగం తగ్గదు. అయితే హై వోల్టేజీ బ్యాటరీ భాగాల దగ్గర మామూలు క్రోమ్ గోటీ వేయడం ప్రాణాపాయం. 1000 వోల్టుల దాకా పరీక్షించిన ఇన్సులేటెడ్ పనిముట్లకు ఐఈసీ 60900 అనే ప్రమాణం ఉంది. ఆ పని శిక్షణ పొందినవాళ్లకే వదిలేయాలి.

ఈ సాక్ష్యాలన్నీ కలిపితే కొనుగోలు జాబితా చిన్నదే తేలుతుంది. కారు ఉన్నవాళ్లకు అరంగుళం చదరంలో ఆరు మూలల గోటీలు 10 నుంచి 24 దాకా బండికి అవసరమైనవి, ఒక ర్యాచెట్, ఒక బ్రేకర్ బారు, పొట్టివీ పొడుగువీ రెండు ఎక్స్‌టెన్షన్లు. ఇంజను పని కూడా చేసుకునేవాళ్లకు 3/8లో 8 నుంచి 19 దాకా, వాటిలో 10, 12, 14 పొడుగు గోటీలు అదనంగా, 16 ప్లగ్గు గోటీ ఒకటి. పావు అంగుళం చివరి ప్రాధాన్యం. పరిమితమైన డబ్బును ముందు ర్యాచెట్ మీద, ఎక్కువగా వాడే నాలుగైదు గోటీల మీద పెట్టాలి. 11, 15, 20, 23 వంటివి అవసరం వచ్చినప్పుడు విడిగా కొనుక్కోవచ్చు. డబ్బు మిగిలితే ఇంకో వంద ముక్కలకు బదులు ఒక టార్క్ రెంచి తెచ్చుకోవాలి. ఐఎస్ఓ 6789 ప్రకారం క్లిక్కు రకం టార్క్ రెంచి, 10 న్యూటన్ మీటర్ల పైబడిన సైజుల్లో, 4 శాతం లోపు తేడాతో పనిచేయాలి. దాన్ని విప్పడానికి వాడకూడదు, పని అయ్యాక కనీస అంకెకు తిప్పి పెట్టాలి. అతిగా బిగించని బోల్టు తరువాత అతి బలం అడగదు. బిగింపులో నిగ్రహమే విప్పేటప్పుడు గోటీకి దక్కే ఆయుష్షు.

వాడకంలో మూడు అలవాట్లు ఉంటే సెట్టు తరువాతి తరానికి కూడా పనికొస్తుంది. గోటీ ఎక్కించే ముందు బోల్టు తల మీది మట్టి, తుప్పు గీకి, గోటీ పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి. సగం ఎక్కిన గోటీ ఎంత మంచిదైనా జారుతుంది. పట్టేసిన నట్టుకు తుప్పు వదిలించే నూనె పోసి కాసేపు ఆగాలి. పని అయ్యాక గ్రీజు, చెమట తుడిచి నూనె గుడ్డ రాసి పెట్టెలో పెట్టాలి. వానాకాలంలో, తీరంలో ఇది మరీ ముఖ్యం.

అమ్మేవాళ్ల నుంచి కొనేవాళ్లు అడగాల్సింది కూడా ఉంది. ముక్కల సంఖ్య పెద్దక్షరాల్లో వేసే పెట్టె మీద చదరం సైజు, ఏ ప్రమాణానికి ఎంత టార్క్ దగ్గర పరీక్షించారో, ఏ సైజులు ఉన్నాయో అంతే పెద్దక్షరాల్లో ఉండాలి. విడి గోటీలు, ర్యాచెట్ కిట్టు ఎక్కడ దొరుకుతాయో రాసి ఉండాలి. కొనేవాళ్లు ఈ ప్రశ్నలు అడగనంతకాలం కంపెనీలకు చెప్పాల్సిన అవసరం రాదు. మంచి ఉక్కు మన దేశంలోనే దొరుకుతోంది, సరిగా చేసే కార్ఖానాలూ ఇక్కడే ఉన్నాయి. తక్కువ ముక్కలతో, తన బండికి సరిపడా సైజులతో, పోయినది మళ్లీ కొనుక్కోగలిగేలా ఎంచుకున్న సెట్టు మధ్యతరగతి జేబుకు భారం కాదు. బోల్టు మూలలు చెక్కు చెదరకుండా బండి మళ్లీ మళ్లీ విప్పి బిగించగలిగితే ఆ కొనుగోలు సరైనదని అర్థం. దానికి వేరే హామీ కార్డు అక్కర్లేదు.